గోటీ - గోళీ

భాష బడిలో పుట్టదు. తల్లి ఒడిలో మొదలై, వాకిట్లో నడక నేర్చి, వీధిలో పరుగెత్తిన తరువాతనే అది బడి గడప తొక్కుతుంది. ఇది అందరూ అంగీకరించే విషయమే. అయితే వీధిలో పిల్లవాడు నేర్చిన మాటకు బడిలో ఎంత చోటు దక్కుతున్నదని ప్రశ్నించుకుంటే మాత్రం మనలో చాలామందిమి మౌనం వహిస్తాం. ఆ ప్రశ్నను మొదటిసారి నా ముందు నిలిపింది ఒక చిన్న గాజు గోళీ. దాని పేరు చుట్టూ జరిగిన ఒక చిన్న సంఘటనను, దానివల్ల నాలో ఏర్పడిన ఒక అభిప్రాయాన్ని ఇక్కడ వివరిస్తాను.

నేను పెరిగిన చోటు సికింద్రాబాదులోని మారేడ్‌పల్లి. ఆ పేరు వింటే మారేడు చెట్టు మనసులో మెదలుతుంది. మూడవ నిజాం సికందర్ జా పేరుమీదుగా 1806లో వెలసిన సికింద్రాబాదు, బ్రిటిషు సైన్యం విడిది చేసిన దండు ప్రదేశం. అందువల్ల తొలినుంచీ అది పలు భాషలవారు కలిసి బతికిన ఊరు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడి, దాని ప్రధాన కార్యాలయం సికింద్రాబాదుకు వచ్చింది. విజయవాడ, హుబ్లీ, షోలాపూర్, సికింద్రాబాదు డివిజన్లు అప్పుడు ఒకే గొడుగు కిందికి చేరాయి. అంటే తెలుగు, కన్నడ, మరాఠీ సీమల ఉద్యోగులు ఒకే కార్యాలయంలో పక్కపక్కన కూర్చున్నారు. వారి పిల్లలు ఒకే వీధిలో ఆడుకున్నారు. కృష్ణా జిల్లా నుంచి బదిలీపై వచ్చిన ఒక రైల్వే గుమాస్తా కొడుకుగా 1970ల నాటి ఆ వీధిలోకి నేను అడుగుపెట్టాను.

మొదటి రోజున నాకు ఎదురైన చిక్కు ఆటలో కాదు, మాటలో. నేను 'గోళీ' అన్నాను. పక్కింటి తమిళ బాలుడు 'గోలిగుండు' అన్నాడు. ఎదురింటి మరాఠీ పిల్లలు 'గోట్యా' అన్నారు. ఉర్దూ మాట్లాడే మిత్రుడు ఒకమారు 'గోటీ' అనీ, మరొకమారు 'కంచా' అనీ అన్నాడు. తాతల కాలం నుంచి మారేడ్‌పల్లిలోనే ఉన్న ఇంటి తెలుగు పిల్లవాడు ఒకడు 'గోటీ' అన్నాడు. వస్తువు ఒక్కటే, పేర్లు అయిదు. వారం తిరిగేలోపల మేమందరం 'గోటీ' అనడం మొదలుపెట్టాం. ఎవరూ ఆజ్ఞాపించలేదు. ఎవరూ వాదించలేదు. ఆ తెలుగు పిల్లవాడికి వీధిలో అందరికంటె మంచి గురి ఉండేది. అతడితో ఆడాలంటే అతడి మాటనే వాడాలి. మా వీధిలో ప్రామాణిక భాషను నిర్ణయించింది గురి!

ఏడవ తరగతిలో ఉండగా తెలుగు ఉపాధ్యాయుడు 'నాకు ఇష్టమైన ఆట' అనే అంశంమీద వ్యాసం రాయమన్నారు. నేనూ, ఆ స్నేహితుడూ ఒకే ఆటను గురించి రాశాం. మర్నాడు నా వ్యాసాన్ని తరగతిలో చదివి వినిపించారు. అతడి వ్యాసంలో 'గోటీ' అన్న ప్రతి చోటా ఎర్రసిరా సున్న చుట్టి ఉంది. "ఇది తెలుగు మాట కాదు, గోళీ అనాలి" అని ఉపాధ్యాయుడు అందరికీ వినబడేట్లు చెప్పారు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను. వీధిలో రోజూ అదే మాట పలికే నా నోరు ఆ క్షణాన దాన్ని ఎరగనట్లు నటించింది. ఆయన చెడ్డవారు కారు. తాను నేర్చుకున్నదే మాకు నేర్పారు. కాని ఆ తరువాత నా స్నేహితుడు తెలుగు తరగతిలో చేయి ఎత్తడం నేను చూడలేదు. సాయంత్రం గుంట దగ్గర నాయకుడైనవాడు ఉదయం బల్లమీద మూగవాడయ్యాడు.

ఇన్నేళ్ల తరువాత ఆ ఎర్రసిరా సున్నలను భాషాపరంగా పరిశీలిస్తే ఏమి తేలుతుంది? సంస్కృతంలో గుటిక, గుళిక, గోళం అనేవి గుండ్రని వస్తువులను తెలిపే పదాలు. ఉత్తరాది భాషల గోలీ, మరాఠీ గోటీ ఆ అర్థ పరివారానికే చెందుతాయి. దక్కనీ ఉర్దూలోనూ గోటీ ఉంది. అంటే నేను రాసిన మాటా, నా స్నేహితుడు రాసిన మాటా రెండూ బయటినుంచి తెలుగులోకి వచ్చినవే. ఒకటి అచ్చతెనుగు, మరొకటి పరాయిది అని తీర్పు చెప్పే ఆధారం ఏదీ లేదు. అచ్చతెనుగే కావాలంటే ఉండ అనో, గుండు అనో అనవలసి ఉంటుంది. కాగా ఒక మాటకు మార్కులు, మరొక మాటకు ఎర్రసిరా ఎందుకు లభించాయి? ఆ మాటల పుట్టుకను బట్టి కాదు. వాటిని పలికేవారు ఏ ప్రాంతంవారన్నదాన్ని బట్టి.

అంతేకాదు, గోటీ అనే మాటలో ఒక చరిత్ర ఇమిడి ఉంది. 1956 నవంబరు 1 వరకు తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు హైదరాబాదు రాష్ట్రంలో ఒకటిగా ఉండేవి. ఆనాడు రాష్ట్రాన్ని విభజించి మరాఠీ జిల్లాలను బొంబాయి రాష్ట్రంలోను, కన్నడ జిల్లాలను మైసూరులోను, తెలుగు జిల్లాలను ఆంధ్రప్రదేశ్‌లోను కలిపారు. సరిహద్దులు మారాయి కాని మాటలు మారలేదు. ఔరంగాబాదు పిల్లవాడు గోటీ అన్నాడు, హైదరాబాదు పిల్లవాడూ గోటీ అన్నాడు. పటంలో చెరిగిపోయిన ఒక రాష్ట్రం పిల్లల ఆటలో మిగిలి ఉంది. అటువంటి మాటను తప్పుగా భావించి కొట్టివేయడమంటే ఒక చరిత్రపుటను చించడమే.

ఇందులో మరొక సూక్ష్మం కూడా ఉంది. తెలంగాణ వాడుకలో 'గోలీ' అంటే మందు బిళ్ల. జ్వరం వచ్చినవాడిని "గోలీ వేసుకున్నవా?" అని అడుగుతారు. ఉర్దూలో గోలీ అంటే తుపాకి గుండు కూడాను. ఒక మాట ఇన్ని బరువులు మోస్తున్నప్పుడు ఆడుకునే వస్తువును గోటీ అంటే అయోమయానికి తావు ఉండదు. హిందీలో గాజును తెలిపే 'కాంచ్' నుంచి వచ్చిన 'కంచా' అనే పేరు కూడా ఈ సౌకర్యాన్నే కలిగిస్తుంది. అర్థభేదం అవసరమైన చోట పదభేదం ఉండడం భాషకు బలమే గాని లోపం కాదు. నా స్నేహితుడి మాటలో ఆ రోజున మేము చూసిన మొరటుతనం నిజానికి ఒక చక్కని పొందిక.

పిల్లల ఆటమాటలను మనం సాధారణంగా యాస అనీ, అల్లరి మాటలనీ తేలికగా తీసివేస్తాం. నా అభిప్రాయంలో ఇవి పారిభాషిక పదాలు. వడ్రంగికి తన పనిముట్ల పేర్లు ఎలాంటివో, సాలెవారికి మగ్గం భాగాల పేర్లు ఎలాంటివో, ఆడే పిల్లలకు ఇవి అలాంటివి. గోళీల ఆటను గమనించండి. నేలమీద ఒక చిన్న గుంట ఉంటుంది. కొంత దూరాన గీత ఉంటుంది. బొటనవేలిని నేలకు ఆనించి, మధ్యవేలిని విల్లులా వెనక్కు వంచి, దాని కొసన గోళీని నిలిపి వదలాలి. గుంటకూ గోళీకీ నడుమ ఉన్న దూరాన్ని జానతోనో బెత్తెతోనో కొలవాలి. ఓడినవాడు పిడికిలి బిగించి మెటికలు చూపితే గెలిచినవాడు గోళీతో కొడతాడు. ఆటలో పరికరం ఉంది, కొలత ఉంది, నైపుణ్యం ఉంది, నియమం ఉంది, శిక్ష ఉంది. వీటిలో ప్రతిదానికీ ఒక పేరు అవసరం. పేరు సరిగా లేకపోతే తగవు వస్తుంది.

వస్తువును బట్టి కూడా పేర్లు ఏర్పడ్డాయి. మా వీధిలో తెల్లని గోళీ పాలగోటీ. పాతబడిన సైకిలు బేరింగునుంచి ఊడిన ఉక్కు గుండు ఇనుపగోటీ. దానితో కొడితే ఎదుటివాడి గాజు గోళీ పగిలిపోతుందని దాన్ని ఆటలో నిషేధించాం. సోడాబుడ్డి పగిలితే బయటపడేది సోడాగోటీ. లండనుకు చెందిన హైరమ్ కాడ్ అనే ఆయన గాజు గోళీనే మూతగా అమర్చిన సీసాకు 1872లో హక్కులు పొందాడు. ఆ సీసా మన దేశానికి వచ్చి గోళీసోడాగా ప్రసిద్ధికెక్కింది. వాయువు బయటికి పోకుండా ఆపడం కోసం ఇంగ్లండులో రూపొందిన ఒక ఉపాయం మారేడ్‌పల్లి బాలుడి జేబులో ఆటవస్తువైంది. సోడాగోటీ అనే ఒక్క మాట ఇంత దూరం ప్రయాణించి వచ్చింది.

గాజు గోళీలు రాకముందు పిల్లలు ఆడుకోలేదని కాదు. మట్టి ఉండలను కాల్చి ఆడారు, గుండ్రాళ్లతో ఆడారు. గచ్చకాయలతో ఆడే ఆట ఈనాటికీ మన ఆడపిల్లలకు పరిచితమే. బూడిదరంగులో నున్నగా ఉండే ఆ గింజను గచ్చుమీద రుద్దితే చురుక్కుమనేంత వేడెక్కుతుంది. దానిని పక్కవాడి చేతికి అంటించని పిల్లలు అరుదు. వస్తువు మారినా ఆట సాగింది. ఆటతోపాటు మాటలూ కొన్ని మారుతూ, కొన్ని నిలుస్తూ వచ్చాయి.

ఆటను నడిపే న్యాయశాస్త్రానికీ పిల్లలు మాటలు కల్పించుకున్నారు. మోసం చేస్తే 'తొండి'. ముందు అన్నదాన్ని రద్దు చేయాలంటే 'తూచ్'. స్నేహం తెగితే 'కటీఫ్'. ఎవరు ముందు ఆడాలో తేల్చడానికి 'పంటలు' వేయడం. 'తొండి' అన్న రెండక్షరాలలో అభియోగం, సాక్ష్యం, తీర్పు మూడూ ఉన్నాయి. పెద్దవారెవరూ ఈ మాటలను పాఠంగా చెప్పలేదు. పదేళ్లవాడినుంచి ఎనిమిదేళ్లవాడు, వాడినుంచి ఆరేళ్లవాడు నేర్చుకున్నారు. ఇలా పిల్లలనుంచి పిల్లలకు మాత్రమే సంక్రమించే పదసంపద భాషలో మరెక్కడా కనిపించదు. కాబట్టి ఒక్క తరం పిల్లలు వీధిలోకి రాకపోతే ఆ గొలుసు తెగిపోతుంది. తాతముత్తాతలు కూడా దాన్ని తిరిగి అతికించలేరు, ఎందుకంటే వారు ఆ మాటలను ఎప్పుడో మరచిపోయి ఉంటారు.

ప్రాంతాన్ని బట్టి పేరు మారడం గోళీలకే పరిమితం కాదు. ఒక పొడుగు కర్రతో చిన్న పుల్లను ఎగరగొట్టే ఆటను కోస్తాలో బిళ్లంగోడు, కర్రాబిళ్ల అంటారు. తెలంగాణలో చిర్రగోనె అంటారు. చిన్న పుల్ల చిర్ర, పొడుగు కర్ర గోనె. రాయలసీమలో చిల్లాకట్టె అంటారు. ఉత్తరాదివారికి అది గిల్లీదండా. ఈ పేర్లలో ఏది శుద్ధం, ఏది అశుద్ధం? ఆ ప్రశ్నే అసంగతం. కోస్తావారి గాలిపటం హైదరాబాదులో పతంగి అయి ఎగిరినంత మాత్రాన దాని దారం తెగిపోదు కదా!

ఇతర దేశాలలో ఈ మాటలకు లభించిన గౌరవాన్ని కూడా చూద్దాం. ఇంగ్లండులో పీటర్ ఓపీ, అయోనా ఓపీ అనే దంపతులు సుమారు 5,000 మంది బడిపిల్లలనుంచి ఆటమాటలు, పొడుపుకథలు, పందెపు మాటలు సేకరించి 1959లో ఒక బృహద్గ్రంథం ప్రచురించారు. ఆటలో అలసిన పిల్లవాడు కాసేపు విరామం కోరుతూ అనే మాట ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క తీరుగా ఉండడం గమనించి, ఏ మాట ఎక్కడ వాడుకలో ఉందో పటం గీసి చూపారు. పిల్లల అరుపులనుంచి దేశపు మాండలిక పటం తయారైంది! అదే దేశంలో టిన్స్‌లీ గ్రీన్ అనే పల్లెలో 1932నుంచి గోళీల పోటీలు నిర్వహిస్తున్నారు. ఆటగాడు గురిపెట్టి కొట్టే గోళీని అక్కడ 'టాలీ' అంటారు. ఆ మాటను తప్పని ఎవరూ దిద్దరు. దాన్ని తెలిసినవాడే ఆ ఆట తెలిసినవాడు.

మన పండితులు ఈ విషయంలో ఏమీ చేయలేదనడం న్యాయం కాదు. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో మన పాత కావ్యాలనుంచి ఆటపాటల వివరాలను ఏరి చూపారు. తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం 1955లో ఆ గ్రంథానికే లభించింది. కావ్యాలలో పేరు మాత్రమే మిగిలి, ఆడే తీరు మరుగునపడిన ఆటలు ఎన్నో ఉన్నాయి. ఆనాటి పిల్లలను అడిగి రాసినవారు లేకపోవడమే దానికి కారణం. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశాలను చేపట్టింది. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు వెలువడ్డాయి. రైతు నాగలి భాగాలను ఏ ఊరిలో ఏమంటాడో పండితులు వెళ్లి అడిగి రాసుకున్నారు. అక్షరం రానివాడి మాటకు నిఘంటువులో స్థానం కల్పించిన గొప్ప కృషి అది. పిల్లల ఆటకూ అటువంటి ఓపిక కావాలి. ఆట కూడా పిల్లల వృత్తియే.

దీనికి కొన్ని ఆక్షేపణలు రావచ్చు. అందరికీ అర్థమయ్యే ప్రామాణిక భాష అవసరం లేదా అని కొందరు అడగవచ్చు. తప్పక అవసరమే. శ్రీకాకుళంలో రాసిన ఉత్తరం ఆదిలాబాదులో అర్థం కావాలి. కాని ప్రామాణిక భాషను నేర్పడం వేరు, ఇంటిమాటకు సిగ్గుపడడం నేర్పడం వేరు. 'దీనిని కోస్తాలో గోళీ అంటారు, ఇక్కడ గోటీ అంటారు, రెండూ తెలుసుకోండి' అని ఆనాడు ఒక్క వాక్యం చెప్పి ఉంటే తరగతికి రెండు మాటలు వచ్చేవి, ఒక పిల్లవాడికి గొంతు పోయేది కాదు.

గోళీలాట జూదానికి తొలిమెట్టు అని పెద్దలు మందలించేవారు. అందులో కొంత నిజం ఉంది. గెలిచినవాడు ఓడినవాడి గోళీలను తీసుకుపోయే పందెం వల్ల ఏడుపులూ, తగవులూ వచ్చేవి. అయినా మాటలను సేకరించడమంటే పందెాన్ని ప్రోత్సహించడం కాదు. ఇక, ఆటే అంతరిస్తున్నప్పుడు మాటలెందుకని మరికొందరు అంటారు. మారేడ్‌పల్లి వీధులలో మేము గుంటలు తవ్విన మట్టినేల సిమెంటు కింద పోయింది. ఆ చోట కార్లు నిలుస్తున్నాయి. ఆటను బలవంతంగా బతికించాలని నేను కోరడం లేదు. కానీ ఆడినవారు ఇంకా ఉన్నారు. నేల పోయినా నోరు ఉంది. అది కూడా పోకముందే అడిగి రాసుకోవాలని మాత్రమే నా మనవి.

ఆ పని నేనూ కొంత ఆలస్యంగానే ప్రారంభించాను. ఇటీవల మారేడ్‌పల్లి వెళ్లి ఆ పాత స్నేహితుడి ఇంట్లో కూర్చున్నాను. మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. నోటుపుస్తకం తెరిచి, మన ఆటమాటలు చెప్పమన్నాను. మొదట నవ్వి ఊరుకున్నాడు. తరువాత ఒక్కొక్కటే చెప్పాడు. నేను మరచిపోయిన పేర్లు అతడికి జ్ఞాపకం ఉన్నాయి. ఏ గోటీ ఎవరిదో, ఎవరు ఏ గుంట దగ్గర తొండి చేశారో కూడా జ్ఞాపకం ఉంది. నడుమ ఆగి, "ఇవన్ని పుస్తకంల రాస్తవారా?" అని అడిగాడు. రాస్తానన్నాను. కొంతసేపు నా చేతిలోని కలం వైపు చూసి, "ఈసారి ఎవ్వరు సున్న చుట్టరు గద!" అన్నాడు. అతడు నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఏడవ తరగతిలో నవ్విన నవ్వుకు క్షమాపణ అడగడానికి నాకు అన్నేళ్లు పట్టింది.

వ్యావహారిక భాషకోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ప్రజల పలుకుబడికి పట్టం కట్టిన కాళోజీ నారాయణరావు జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఈ రెండు పండుగలకూ నడుమ పదకొండు రోజులే ఎడం. ఇద్దరూ కోరింది ఒక్కటే: మాట్లాడే మనిషికి రాతలో చోటు. ఆ రోజులలో సభలు జరిపి ఉపన్యాసాలు వినడం మంచిదే. దానితోపాటు మీ ఇంట్లో అమ్మమ్మనో, తాతయ్యనో, మీ వీధిలో దుకాణం నడిపే పెద్దాయననో కూర్చోబెట్టి, వారు చిన్ననాట ఆడిన ఆట పేరు, అందులో వాడిన మాటలు, ఆ మాట ఏ ఊరిదో, ఏ సందర్భంలో అనేవారో అడిగి రాసుకోండి. ఒక కళాశాలలోని విద్యార్థులు తలా పది మాటలు తెచ్చినా అదొక చిన్న పదకోశం అవుతుంది.

అలా రాసుకునేటప్పుడు ఒక్క నియమం పాటించండి. మీకు కొత్తగా వినిపించిన మాటను వెంటనే దిద్దకండి. అది ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. దిద్దితే ఒక తప్పు తగ్గినట్లు కనిపిస్తుంది, అడిగితే ఒక చరిత్ర తెలుస్తుంది. నా నోటుపుస్తకంలో మొదటి పుటమీద, మొదటి మాటగా, నా స్నేహితుడి చేతనే 'గోటీ' అని రాయించాను. దాని చుట్టూ సున్న లేదు.